ఉక్కు హక్కు - చదువు పద్దు

రాష్ట్ర బడ్జెట్టు వెలువడగానే చాలామంది మొదట చూసేది పన్నుల సంగతి. నేను రెండు పద్దులు వెతుక్కుంటాను: ఒకటి పాఠశాల విద్య, రెండోది వికలాంగుల సంక్షేమం. (శాఖ పేరు ఇప్పుడు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం అని మారింది. చట్టాల పాత ప్రతులతో పొత్తు కుదరడం కోసం ఈ వ్యాసంలో పాత మాటే వాడుతున్నాను.) రెండూ వేర్వేరు శాఖలవి. వాటిని కలిపి చదవడం వింతగా తోచవచ్చు. కానీ ఆ రెంటినీ ముందుగా కలిపింది నేను కాదు, మన రాజ్యాంగం.

41వ అధికరణం ఒకే ఒక్క వాక్యం. పని హక్కు, చదువు హక్కు, నిరుద్యోగంలో, వార్ధక్యంలో, జబ్బులో, అంగవైకల్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు - వీటిని రాజ్యం సమకూర్చాలన్నది ఆ వాక్యం సారాంశం. చదువూ వైకల్యమూ అక్కడ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. అయితే ఆ పంక్తి మొదట్లోనే ఒక షరతు కూడా కూర్చుంది: రాజ్యం తన ఆర్థిక శక్తికీ, అభివృద్ధికీ గల పరిమితులకు లోబడి ఆ పని చేయాలి. మన దేశంలో బడి గురించి, వికలాంగుల గురించి నడిచిన బడ్జెట్టు తగవులన్నీ ఆ పరిమితి ఎక్కడుందో తేల్చుకోవడానికి జరిగినవే. ఈ షరతు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిని ఎంతకాలం వెంటాడింది అన్నది విశాఖపట్నం మీదుగా చెప్పాలని ఈ ప్రయత్నం. విశాఖే ఎందుకంటే, దేన్నైనా హక్కుగా అడగడం ఎలా ఉంటుందో ఆంధ్రదేశానికి చూపించిన ఊరు అది.

*

కథ రాజ్యాంగానికి ముప్ఫయ్యేళ్ళ ముందు మొదలవుతుంది. 1919 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. విద్య, ఆరోగ్యం, ఎక్సైజు, స్థానిక పాలన వంటివి ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చాయి. ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు మాత్రం గవర్నరు తాలూకు కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే ఉండిపోయాయి. అంటే బళ్ళు పెట్టే బాధ్యత ఒకరిది, బొక్కసం తాళంచెవి వేరొకరిది. 1921 నుంచి 1926 దాకా ఆ రాష్ట్రపు విద్యామంత్రి గంజాం జిల్లా బరంపురానికి చెందిన ఏ.పి.పాత్రో. ఆయన శాసనసభలో ఏ పథకం ప్రతిపాదించినా చివరి మాట ఆర్థిక సభ్యుడిదే.

దీనికి తోడు మెస్టన్ ఏర్పాటు ఒకటుంది. కేంద్రం లోటు పూడ్చడానికి రాష్ట్రాలు ఏటా ఇంతింత చెల్లించాలని మెస్టన్ సంఘం లెక్క కట్టింది. మొత్తం 983 లక్షల రూపాయల్లో ఒక్క మద్రాసు వంతే 348 లక్షలు, అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. బొంబాయి వంతు 56 లక్షలు, బెంగాలు వంతు 63 లక్షలు. భూమిశిస్తు ఎక్కువగా వసూలయ్యే రాష్ట్రమన్నది మద్రాసు చేసిన నేరం! 1920లోనే ప్రాథమిక విద్యా చట్టం చేసుకున్న రాష్ట్రం, దాన్ని అమలు చేయడానికి కావలసిన డబ్బును ఏటా ఢిల్లీకి పంపుతూ కూర్చుంది. ఈ చెల్లింపులు పూర్తిగా రద్దయ్యేసరికి ఆ దశాబ్దం దాదాపు అయిపోయింది. "ఆర్థిక శక్తికి గల పరిమితి" అనేది ప్రకృతి గీసిన గీత కాదనీ, దాన్ని ఎవరో ఎక్కడో కూర్చుని గీస్తారనీ చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది సరిగ్గా ఈ కరువులోనే. పాత్రో తెచ్చిన బిల్లు చట్టమై 1926లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. కేంద్ర స్థానం ముందు బెజవాడ, 1930లో వాల్తేరు. చట్టం వచ్చింది గానీ సైన్సు కళాశాల కట్టడానికి సరిపడా ప్రభుత్వ నిధి రాలేదు. ఆ లోటు తీర్చినవారు జయపురం మహారాజు విక్రమదేవవర్మ. ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తానని ఆయన ఒప్పుకున్నారు. 1931లో ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ హయాంలో సైన్సు, సాంకేతిక శాఖలు నిలదొక్కుకోవడానికి ఆ లక్షే ఆధారం. కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టడం న్యాయమే.

అయితే ఆ లక్ష ఎక్కడిది? జయపురం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోని జమీందారీ. కొండల్లో, కోరాపుట్ పీఠభూమిలో సేద్యం చేసుకునే రైతులు కట్టిన శిస్తే ఆ లక్ష. వాళ్ళ పిల్లలకు అప్పట్లో బడి మొహం తెలియదు. దాత ఔదార్యం గొప్పదే, కాదనను. కానీ దానంలో ఒక లక్షణం ఉంది: ఇచ్చినవాడికి కృతజ్ఞత చెప్పాలి, ఇవ్వనివాడిని నిలదీయడానికి వీలుండదు. జమీందారీలు రద్దయ్యాక ఆ శిస్తు ప్రభుత్వానికి చేరింది. శిస్తుతోబాటు దానం చేసే బాధ్యత కూడా చేరాలి కదా. చేరినప్పుడు దాన్ని దానమనే పిలవాలా, మరో పేరు పెట్టాలా అన్నది రాజ్యాంగం రాసేవారి ముందుకొచ్చిన ప్రశ్న.

*

రాజ్యాంగ నిర్మాతలు ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు ఇచ్చారు. పిల్లల నిర్బంధ విద్య తొలి ముసాయిదాల్లో ప్రాథమిక హక్కుల మధ్య ఉండేది. తరువాత దాన్ని న్యాయస్థానంలో అడగడానికి వీల్లేని ఆదేశిక సూత్రాల్లోకి జరిపారు. కానీ జరిపేటప్పుడు ఒక గడువు పెట్టారు. 45వ అధికరణం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో, అంటే 1960 నాటికి, ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలి. ఆదేశిక సూత్రాలన్నిట్లోనూ గడువు ఉన్నది దీనికొక్కదానికే. ఇందులో ఆర్థిక శక్తి ప్రసక్తి లేదు. పై చదువులూ, వికలాంగుల సహాయమూ మాత్రం 41వ అధికరణంలో, షరతు నీడలో ఉండిపోయాయి. మరి చూపు లేని ఆరేళ్ళ పిల్ల ఏ అధికరణం కిందికి వస్తుంది? పిల్ల కాబట్టి 45 కిందికా, వైకల్యం ఉంది కాబట్టి 41 కిందికా? ప్రభుత్వాలు మాటల్లో ఏం చెప్పినా, పద్దుల్లో మాత్రం ఆమెను 41 కిందనే రాసుకున్నాయి. ఆమె బడి చాలాకాలం విద్యాశాఖది కాలేదు, సంక్షేమ శాఖదయింది.

1960 గడువు దాటిపోయింది. 1966 వచ్చింది. ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి.

ఒకటి అందరికీ గుర్తుంది. విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని అక్టోబరులో టి.అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. విశ్వవిద్యాలయం విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినాన, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అన్న నినాదం తెలియని తెలుగువాడు లేడు. గమనించండి, ఉక్కు కర్మాగారం ఏ అధికరణంలోనూ హక్కుగా లేదు. జనం దాన్ని హక్కు అని పిలిచారు, అంతే.

రెండో సంగతి ఎవరికీ అంతగా గుర్తు లేదు. ఆ ఏడాది జూన్‌లో కొఠారీ సంఘం తన విద్యా నివేదిక సమర్పించింది. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు కేటాయించాలన్న మాట దానివల్లే ప్రసిద్ధమైంది. అదే నివేదికలో వికలాంగ బాలల గురించీ ఒక లక్ష్యం ఉంది. 1986 నాటికి అంధులు, బధిరులు, శారీరక వికలాంగులలో ఇంచుమించు 15 శాతం మందికీ, మానసిక వైకల్యం ఉన్నవారిలో 5 శాతం మందికీ చదువు సౌకర్యం కల్పించాలట! ఇరవయ్యేళ్ళ తరువాత సైతం నూటికి 85 మంది అంధ బాలలు ఇంటి అరుగు మీదే ఉంటారని ముందుగానే ఒప్పుకున్న లక్ష్యం అది. రాసినవారు నిర్దయులు కారు. వికలాంగ బాలలను వీలైనంతవరకు మామూలు బడుల్లోనే చదివించాలని చెప్పినవారు కూడా వారే. ఉన్న డబ్బు లెక్క వేసుకుని, సాధ్యమనుకున్నది రాశారు. షరతు మనసులో ఎంత లోతుగా నాటుకుందో ఆ అంకెలు చెబుతాయి.

ఉక్కు మాత్రం సులువుగా వచ్చిందా? లేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ తరువాత నిధుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు. కానీ ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో ఏ ప్రభుత్వమూ "ఉక్కులో 15 శాతం ఇస్తాం, సరిపెట్టుకోండి" అనే సాహసం చేయలేదు. హక్కు అని పిలిచినదాన్ని ఆలస్యం చేయగలరు గానీ, కుదించడానికి జంకుతారు.

*

బడుల మాటకొస్తే ఆ కాలంలో కుదింపు ఎలా జరిగిందో పాత ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు. అప్పట్లో ఖర్చును ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అని రెండుగా విడదీసేవారు (2017-18 నుంచి ఈ విభజన పోయింది). కొత్త గది కడితే ప్రణాళికా వ్యయం, గొప్ప. ఆ గదిలో పాఠం చెప్పే మనిషి జీతం ప్రణాళికేతర వ్యయం, బరువు. పొదుపు చర్యలు అనగానే కత్తి రెండోదాని మీద పడేది. అందుకని ప్రభుత్వాలు తక్కువ జీతపు మనుషులను కనిపెట్టాయి. 1980లలో మన రాష్ట్రంలో నెలకు 398 రూపాయలకు ప్రత్యేక ఉపాధ్యాయులను తీసుకున్నారు. వారికి "398 టీచర్లు" అని పేరే పడిపోయింది. ఆ తరువాతి తరం విద్యా వాలంటీర్లు. బడ్జెట్టులోని ఒక అంకె మనుషులకు ఇంటిపేరు కావడం మన దగ్గర జరిగింది.

ఇంకో ముడి కూడా ఉంది, సారా ముడి. ద్వంద్వ ప్రభుత్వ కాలం నుంచీ చదువూ ఎక్సైజూ ఒకే చేతిలో ఉన్నాయని పైన చెప్పాను. తాగుడు మీద వచ్చే ఆదాయమే బడికి దిక్కు కావడం గాంధీని 1937లో ఎంతో బాధించింది. అదే ఏడాది రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, పోయిన ఆదాయానికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. అంటే తలుచుకుంటే పరిమితిని జరపవచ్చన్నమాట! అర్ధశతాబ్దం తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా ఖాళీ అన్న కారణంతోనే ఆ నిషేధాన్ని సడలించారు. చదువు వల్ల పోయిన ఆదాయాన్ని, చదువు వంటివాటికి డబ్బు లేదంటూ తిరిగి తెచ్చుకున్నారు.

*

షరతును మొదటిసారి గట్టిగా కదిపిన తీర్పు మన రాష్ట్రం పేరు మీదే ఉంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 1993. అసలు వివాదం వృత్తివిద్యా కళాశాలల కాపిటేషన్ ఫీజుల మీద. కానీ సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కే అని తేల్చింది. ఆ వయస్సు దాటిన తరువాతే ఆర్థిక శక్తి పరిమితి వర్తిస్తుందని చెప్పింది. 2002లో 86వ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. చదువు షరతు దాటి బయటికి వచ్చింది.

దానితోబాటు అదే వాక్యంలో కూర్చున్న రెండో మనిషి సంగతి? 1995 వికలాంగుల చట్టం ఆ పిల్లలకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య అందేలా చూడాలని షరతు లేకుండానే చెప్పింది. కానీ వైకల్యం రాకుండా నివారించడం, పునరావాసం, నిరుద్యోగ భృతి - వీటి దగ్గరకు రాగానే 41వ అధికరణం మాటే మళ్ళీ ప్రత్యక్షమైంది. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. సామాజిక భద్రత దగ్గర మాత్రం ఆ పాత మాట చెక్కుచెదరలేదు. సరే, చదువులోనైనా షరతు లేదు కదా అంటారా? చట్టంలో లేదు, కేటాయింపులో ఉంది. సర్వశిక్షా అభియాన్ మొదట్లో ఒక్కో వికలాంగ బాలుడికి ఏడాదికి 1,200 రూపాయల పరిమితి పెట్టింది. తరువాత అది 3,000 అయింది. సమగ్ర శిక్షలో 3,500. ప్రత్యేక ఉపాధ్యాయుల వేతనం దీనికి వేరు అనుకున్నా, పిల్లవాడి పేరిట నెలకు దక్కేది 292 రూపాయలు. 1980ల నాటి 398 కూడా కాదు.

*

2021 విశాఖలో ఈ కథ రెండు పాయలుగా ప్రవహించింది.

ఎయిడెడ్ విద్యాసంస్థల గ్రాంటు 1854 నాటి వుడ్ తాఖీదు నుంచి వస్తున్న పద్ధతి. సంస్థ ప్రైవేటుది, జీతం ప్రభుత్వానిది. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతోనూ, 42వ నంబరు తదితర ఉత్తర్వులతోనూ ఈ సంస్థలు తమ ఎయిడెడ్ సిబ్బందిని గానీ, ఆస్తులతో సహా సంస్థను గానీ ప్రభుత్వానికి అప్పగించే వీలు కల్పించింది. నిర్బంధమేమీ లేదని ప్రభుత్వం చెప్పింది. కానీ సిబ్బంది పోయిన సంస్థ నడవాలంటే ఫీజు పెంచక తప్పదు. అక్టోబరులో జ్ఞానాపురం సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల విద్యార్థినులు రోడ్డెక్కారు. 1958 నుంచి ఉన్న ఆ కళాశాలకు సాధారణ కుటుంబాల ఆడపిల్లలే ఎక్కువగా వస్తారు. నవంబరులో అనంతపురంలో విద్యార్థుల నిరసన మీద లాఠీలు కూడా విరిగాయి. ఆ తరువాత, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే అవకాశంతో సహా నాలుగు మార్గాలు చూపుతూ ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది.

ఆ ఏడాదే, జూన్ నెలలో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పే హిడెన్ స్ప్రౌట్స్ అనే బడి షెడ్లను స్థలం లీజు వివాదంలో మహా విశాఖ నగరపాలక సంస్థ కూల్చివేసింది. కళాశాల పిల్లలు తమ తగవు తామే చెప్పుకున్నారు. ఈ పిల్లల తరఫున తల్లిదండ్రులు మాట్లాడవలసి వచ్చింది. ఎవరి వాదన చట్టప్రకారం సరైనదన్నది కాదు ఇక్కడ నా ప్రశ్న. చట్టం 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య అన్నాక, ఆ పిల్లలకు లీజు తగవుతో పోని బడి ఒకటి ఉండాలి కదా?

ఇప్పుడు ఖజానా తీరు మారింది. సంస్థకు ఇవ్వడం తగ్గి, మనిషి చేతికి ఇవ్వడం పెరిగింది. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం వచ్చాయి. వికలాంగుల పింఛను 2014లో వైకల్యాన్ని బట్టి వెయ్యీ, పదిహేను వందలూ. 2019లో మూడు వేలు. 2024 జులై నుంచి ఆరు వేలు, పూర్తిగా మంచాన ఉన్నవారికి పదిహేను వేలు. ఇది చిన్న సంగతి కాదు. ఆ ఆరు వేలు ఇంట్లో ఆ మనిషికి తెచ్చిన గౌరవం ఎంతటిదో చూసినవాళ్ళకు తెలుసు. దాన్ని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. కానీ లెక్క చూడండి: ఒకే పిల్లవాడికి పింఛనుగా ఏడాదికి 72,000, బడిలో అతని అవసరాలకు 3,500. ఇరవై రెట్లు తేడా. నోటు చేతికి వస్తే కనబడుతుంది. రాని ఫిజియోథెరపిస్టు, లేని బ్రెయిలీ పుస్తకం, ఖాళీగా ఉన్న ప్రత్యేక ఉపాధ్యాయుడి కుర్చీ ఎవరికీ కనబడవు. పైగా చేతికిచ్చింది తిరిగి అడగవచ్చు కూడా. 2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన జరిగి, ఆగస్టులో లక్షమందికి పైగా అనర్హత నోటీసులు వెళ్ళినప్పుడు అదే భయం ఊరూరా కనిపించింది. నిరసనల తరువాత అప్పీలుకు అవకాశమిచ్చి, పింఛను కొనసాగిస్తామన్నారు.

ఇంత చెప్పాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. ప్రతి బడిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఇంతమంది ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే నిష్పత్తి చెప్పింది: ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. 2025 మార్చిలో ఆ పోస్టులను మంజూరు చేసి ప్రకటించాలని రాష్ట్రాలను ఆదేశించింది. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలను ఏళ్ళ తరబడి ఒప్పంద ఉద్యోగుల మీద నడిపిన రాష్ట్రంలో ఇది చిన్న మార్పు కాదు. 398కీ, 2,260కీ మధ్య ఉన్న తేడా నా దృష్టిలో జీతానిది కాదు. మొదటిది దయ తలచి ఇచ్చిన భత్యం, రెండోది మంజూరైన పోస్టు. ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని అడగవచ్చు. జయపురం మహారాజుగారి లక్షను అలా అడగడానికి వీలుండేది కాదు.

వందేళ్ళ ఈ కథలో నాకు అర్థమైనది ఇంతే. ఆర్థిక శక్తికి పరిమితి ఉంటుంది, ఎవరూ కాదనలేరు. 348 లక్షలు ఢిల్లీకి పోతున్నప్పుడూ ఉంది, అమ్మకపు పన్ను వచ్చాకా ఉంది, నేడూ ఉంది. కానీ ప్రతిసారీ ఆ గీతను ఎవరి గుమ్మం ముందు గీశారో చూస్తే, గట్టిగా అడగలేనివారి గుమ్మం ముందే గీశారు. ఉక్కు కోసం ప్రాణాలిచ్చిన ఊళ్ళో ఒక బ్రెయిలీ పంతులుగారి కోసం కనీసం ఒక ఊరేగింపు జరగాలని ఆశపడటం అత్యాశ కాదనుకుంటాను.

మీ ఊళ్ళో, మీ మండలంలో భవిత కేంద్రం ఎలా నడుస్తోందో, మీరు చదివిన ఎయిడెడ్ బడి ఏమైందో తెలిసినవారు రాయండి. 398 టీచర్ల దగ్గర చదువుకున్నవారు ఉంటే మరీ సంతోషం. అసెంబ్లీ చర్చల సంపుటాల్లో ఈ సంగతులు దొరకవు, మన జ్ఞాపకాల్లోనే ఉన్నాయి.